ఒక్క స్విచ్‌తో తెలుగు టైపింగ్: సజెషన్లు నిజంగా పనికొస్తాయా?

బెజవాడమ్మాయి (శనివారం, రాత్రి 9:12)

అందరికీ నమస్తే. మా నాన్నగారికి మోటార్ న్యూరాన్ జబ్బు. మాట పూర్తిగా పోయింది. చేతుల్లో కుడి బొటనవేలు ఒక్కటే ఆయన చెప్పినట్టు వింటోంది. ఆండ్రాయిడ్ ట్యాబ్‌కి ఒక బటన్ స్విచ్ తగిలించి స్విచ్ యాక్సెస్ ఆన్ చేశాం. తెర మీద వరసలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. కావలసిన వరస రాగానే నొక్కాలి, తర్వాత ఆ వరసలో గళ్ళు వెలుగుతాయి, మళ్ళీ నొక్కాలి. కీబోర్డు జీబోర్డే, తెలుగు లేఅవుట్.

ఆయన హైస్కూల్లో తెలుగు మాస్టారుగా రిటైరయ్యారు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయండి నాన్నా, కీలు తక్కువ ఉంటాయి అంటే కళ్ళు మూసేసుకుంటారు. అది ఆయన 'నో'. తెలుగులోనే రాయనిస్తే రెండు వాక్యాలకే అలసిపోతున్నారు. పైన వచ్చే సజెషన్లలో కావలసిన మాట వచ్చేది తక్కువ. వచ్చినా, అది చూసేలోపు వెలుగు ముందుకెళ్ళిపోతుంది.

తెలుగులో ప్రెడిక్షన్ బాగా చేసే కీబోర్డు ఏదైనా ఉందా? లేకపోతే మేమే ఏమైనా తయారు చేసుకోవచ్చా? నాకు కంప్యూటర్ జ్ఞానం ఎక్సెల్ వరకే.

తోకచుక్క (శనివారం, రాత్రి 10:05)

అక్కా, కీబోర్డు మార్చే ముందు ఇబ్బంది ఎక్కడుందో చెప్తాను.

సజెషన్లు ఇచ్చే ప్రోగ్రాం చేసే పని సూటిగా చెప్పాలంటే లెక్కపెట్టడమే. ఈ మాట తర్వాత ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో చూసి, ఎక్కువసార్లు వచ్చినవి పైకి తెస్తుంది. రెండు మూడు మాటల్ని కలిపి చూస్తే దాన్ని ఎన్‌గ్రామ్ అంటారు. ఇప్పటి ఫోన్లలో దాని స్థానంలో చిన్న న్యూరల్ నెట్‌వర్క్ ఉంటుంది కానీ ఊహ అదే.

ఇంగ్లీషుకి ఇది బాగా కుదిరింది, ఎందుకంటే అక్కడ మాట రూపం పెద్దగా మారదు. మన దగ్గర 'వెళ్ళు' ఒక్కటే తీసుకోండి. వెళ్తానన్నాడుగా, వెళ్ళాల్సొచ్చింది, వెళ్ళనివ్వట్లేదు, వెళ్ళిపోదామనుకుంటున్నా... మనకు ఇవన్నీ ఒకే క్రియ. మెషీన్‌కి దేనికదే కొత్త మాట. ఒక్కొక్కటీ దాని డేటాలో ఏ రెండుసార్లో కనిపించి ఉంటుంది. అందుకే 'వె' కొట్టగానే ఉన్న మూడు గళ్ళలోనూ ఆ క్రియ రూపాలే వచ్చి కూర్చుంటాయి, మీ నాన్నగారికి కావలసినది మాత్రం ఉండదు.

అలాగని తెలుగును ఊహించలేమని కాదు. 1951లో క్లాడ్ షానన్ అనే అమెరికన్ గణిత శాస్త్రవేత్త మనుషుల చేత ఇంగ్లీషు వాక్యాల్లో తర్వాతి అక్షరం ఊహింపజేసి చూశాడు. వాళ్ళు ఎంత బాగా ఊహించారంటే, ఒక్కో అక్షరంలో ఉన్న కొత్త సమాచారం సుమారు ఒక బిట్ (అవునా కాదా అన్న ఒక్క ప్రశ్నకి జవాబంత) అని లెక్క తేలింది. మన భాషలో మాట తోక దగ్గర అదే జరుగుతుంది. 'వెళ్తున్నా' దాకా వచ్చాక మిగిలేవి ను, వు, డు, రు, యి, సున్న. ముందు 'నేను' అని ఉంటే ఆ ఆరింటిలో ఒకటే మిగులుతుంది. అంటే మాట మొత్తాన్ని ఒకేసారి ఊహించకుండా, ముందు మొదలు చూపించి, అది ఎంచుకున్నాక తోకలు చూపించాలి. అలా పనిచేసే కీబోర్డు తెలుగులో నేను వాడలేదు. చేయడం మాత్రం కష్టం కాదు.

పాతడీటీపీ (శనివారం, రాత్రి 11:31)

తోకచుక్క తమ్ముడూ, ఇంకో గొడవ మర్చిపోయావు. స్పెల్లింగులు. వెళ్ళి, వెళ్లి. చేశాను, చేసాను. కూర్చొని, కూర్చుని. మనుషులు రెండు రకాలుగానూ రాస్తారు, మెషీన్ రెంటినీ వేరువేరుగా లెక్కేస్తుంది. ఓట్లు చీలిపోయి రెండూ ఓడిపోతాయి, మధ్యలో పనికిరానిది ఏదో గెలుస్తుంది.

అంతకన్నా దొంగ ఇంకొకడున్నాడు, కంటికి కనబడడు. 'సాఫ్ట్‌వేర్'లో ట్ తర్వాత వే విడిగా నిలబడాలంటే మధ్యలో ఒక సున్నా వెడల్పు అక్షరం పెట్టాలి. పెట్టకపోతే వ వెళ్ళి ట కింద వత్తయి కూర్చుంటుంది. కొందరు పెడతారు, కొందరు పెట్టరు. చూడ్డానికి తేడా కొంచెమే, లోపల మాత్రం రెండు వేరే మాటలు. నేను డీటీపీ సెంటర్‌లో ఉన్న రోజుల్లో ఇవేవీ లేవు, ఫాంటులో బొమ్మ సరిగా కనబడితే చాలు. ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే యూనికోడ్ వచ్చాకే ఈ తిప్పలన్నీ నాకు తెలిశాయి.

బ్యాక్‌స్పేస్ సంగతి కూడా చూసుకోండమ్మా. 'స్త్రీ' మనకి ఒక అక్షరం. లోపల స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం కలిపి ఆరు. కొన్ని యాప్‌లలో ఒక నొక్కుకి ఒకటే చెరుగుతుంది. ఒక్క వేలితో తప్పు దిద్దుకునే మనిషికి అది శిక్ష. వీలైతే మాట మొత్తం ఒకేసారి చెరిపే బటన్ విడిగా పెట్టించండి.

ఓరుగల్లు (ఆదివారం, ఉదయం 7:48)

2018 ఫిబ్రవరిల మన 'జ్ఞా' ఒక్కటి పంపిస్తే ఐఫోన్లు పడిపోయినయ్ యాదికుందా? లోపల ఆ కనబడని అక్షరమే కలిసి ఉండె. 11.2.6 అప్‌డేట్ వచ్చేదాక మా ఆఫీసుల అదే ఆట :)

సరే సీరియస్‌గా. నా బాధ వేరు. నేను 'ఉన్నడు' అని రాస్త, ఫోన్ 'ఉన్నాడు' అని దిద్దుతది. 'ఏంది' అని కొడితే ఇంకేదో చూపిస్తది. నాకు రెండు చేతులున్నయ్, మళ్ళ మార్చుకుంట. స్విచ్ తోని రాసేటోళ్ళు అంత ఓపిక ఎక్కడికెళ్ళి తెస్తరు? వాళ్ళ నోట్లోంచి వాళ్ళ భాషనే రావాలె కద. ప్రెడిక్షన్ ఏ పుస్తకాలు చదివి నేర్చుకుందో ఆ పుస్తకాల తీరుగనే మనతోని మాట్లాడిస్తది.

తోకచుక్క (ఆదివారం, ఉదయం 9:20)

ఓరుగల్లు అన్నా, నూటికి నూరుపాళ్ళు. సరదాగా తెలుగు వికీపీడియా మొత్తం దించుకుని కెన్‌ఎల్ఎం అనే ఎన్‌గ్రామ్ ప్రోగ్రాంతో ఒక మోడల్ కట్టి చూశాను. 'ఈ గ్రామం' అని కొడితే చాలు, 'సమీప పట్టణమైన' అని మొదలుపెట్టి '2011 భారత జనగణన గణాంకాల ప్రకారం' దాకా ఆగకుండా పోతుంది. అక్కడ ఊళ్ళ వ్యాసాలు వేలల్లో ఉన్నాయి, అన్నీ ఒకే మూసలో. విజ్ఞాన సర్వస్వానికి అది మంచిదే. కానీ 'ఫ్యాన్ ఆపు', 'అమ్మ తిన్నదా' లాంటివి దానికి తెలియవు. ఎదుటి మనిషితో మాట్లాడే వాక్యాలు వికీలో ఉండవు మరి. ఎంత పెద్ద డేటా అన్నదానికన్నా ఎలాంటి డేటా అన్నదే ఇక్కడ పని చేస్తుంది.

స్పీచ్‌మేడం (ఆదివారం, మధ్యాహ్నం 2:15)

నేను స్పీచ్ థెరపిస్టుని, ఇలాంటి కుటుంబాలతోనే పని. టెక్నికల్ సంగతులు తోకచుక్క గారు బాగా చెప్పారు. కానీ ఒకటి గట్టిగా చెప్పాలి. సజెషన్ సరిగా వచ్చినంత మాత్రాన స్పీడు పెరగదు.

1990ల్లో హైడీ కోస్టర్, సైమన్ లెవైన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు వర్డ్ ప్రెడిక్షన్ మీద వరుసగా అధ్యయనాలు చేశారు. ప్రెడిక్షన్ వల్ల నొక్కులు తగ్గాయి. కానీ ప్రతి నొక్కు తర్వాత లిస్టు వెతికి చదివి, ఉందా లేదా అని నిర్ణయించుకోవడానికి పట్టే టైం ఆ లాభాన్ని తినేసింది. వెన్నెముక గాయాలున్న కొందరైతే ప్రెడిక్షన్‌తో నెమ్మదించారు. కంపెనీల ప్రకటనల్లో 'నొక్కులు సగానికి తగ్గుతాయి' అని ఉంటే నేను వెంటనే అడిగేది, చదివిన టైం ఎవరి ఖాతాలో వేశారు అని.

ఒక వేలితో స్కానింగ్ చేసే మనిషికి ఇది ఇంకొంచెం వేరు. ఆయనకి ఒక్కో నొక్కూ చాలా ఖరీదు కాబట్టి లిస్టు చదివినా గిట్టుబాటవ్వచ్చు. అయితే లిస్టు చిన్నదిగా ఉండాలి, మాట ఎప్పుడూ ఒకే చోట కనబడాలి. నిన్న రెండో గడిలో ఉన్న 'కావాలి' ఇవాళ మూడో గడికి పోతే ఆయన అలవాటు పాడవుతుంది. ఫోన్ కీబోర్డులు తెలివితేటలు చూపించబోయి సరిగ్గా ఆ పనే చేస్తాయి.

బెజవాడమ్మాయి గారూ, రెండు పనులు ఈ వారమే చేయొచ్చు.

ట్యాబ్‌లో ఆండ్రాయిడ్ 12 గానీ ఆ తర్వాతది గానీ ఉంటే స్విచ్ యాక్సెస్‌లో కెమెరా స్విచ్ ఉంటుంది. కనుబొమ్మ ఎత్తడం, నోరు తెరవడం లాంటివి స్విచ్‌గా పెట్టుకోవచ్చు. నాన్నగారికి కనుబొమ్మలు కదులుతుంటే 'తర్వాతది' కనుబొమ్మకి, 'ఇదే' బొటనవేలికి ఇవ్వండి. అప్పుడు వెలుగు ఆయన వెనక నడుస్తుంది, దాన్ని పట్టుకోవాలన్న టెన్షన్ ఉండదు. మీరు చెప్పిన 'చూసేలోపు దాటిపోతుంది' అన్న కష్టం చాలావరకు దీంతో తగ్గుతుంది.

రెండోది కరెంటు అక్కర్లేనిది. ట్యాబ్ ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు మీరే వరసలు చదవండి. 'అచ్చులా? క వరసా? చ వరసా?' అంటూ. ఆయన కళ్ళు పైకెత్తితే ఆగండి. మన వర్ణమాల ఇందుకు పుట్టినట్టే ఉంటుంది. వర్గాలే వరసలు, లోపల ఐదేసి అక్షరాలు. గుణింతం కూడా క్రమంలోనే. చిన్నప్పుడే నోటికి వచ్చేసినది కాబట్టి చార్టు చూడక్కర్లేదు.

తోకచుక్క (ఆదివారం, మధ్యాహ్నం 3:02)

మేడమ్ గారూ, ఆ వరసల విషయంలో నాకు చిన్న అభ్యంతరం. లెక్క చూడండి. అచ్చులు 1, క 2, చ 3, ట 4, త 5. 'న' కావాలంటే త వరసకి ఐదు, అందులో న కి ఐదు, మొత్తం పది. గుడిదీర్ఘానికి తలకట్టు నుంచి లెక్కపెడితే నాలుగు. ఒక్క 'నీ' అనడానికే పద్నాలుగు అడుగులు! మరోవైపు ఝ, ఞ, ఙ లాంటివి ఏడాదికోసారి కూడా రానివి, దారిలో అడ్డంగా నిలబడి ఉంటాయి.

ఫ్రాన్స్‌లో ఎల్ పత్రిక సంపాదకుడు జాన్ డొమినిక్ బోబీ 1995లో స్ట్రోక్ వచ్చి ఎడమ కన్ను ఆర్పడం తప్ప ఏమీ చేయలేని స్థితికి వెళ్ళారు. ఆయనకి ఎదుటివాళ్ళు ఏ, బీ, సీ వరసలో చదవలేదు. ఫ్రెంచ్‌లో ఎక్కువగా వచ్చే అక్షరాలు ముందు వచ్చేలా ఈ, ఎస్, ఏ, ఆర్, ఐ, ఎన్ అని చదివారు. మనమూ న, ల, ర, క, త లాంటివి ముందుకు తెచ్చి వరసలు మార్చుకోవచ్చు కదా?

స్పీచ్‌మేడం (ఆదివారం, సాయంత్రం 5:40)

మార్చుకోవచ్చు, కాగితం మీద లెక్కా మీదే సరైనది. కానీ చదివేది ఎవరు? ఒక పూట అమ్మ, ఒక పూట అటెండరు, ఆదివారం అల్లుడు. కొత్త వరస అందరికీ రావాలి, వినేవాళ్ళకి తర్వాత ఏం వస్తుందో ముందే తెలియాలి. అరవై ఏళ్ళుగా నాలుక మీదున్న వరసను పక్కన పెట్టించడానికి నేను ఒప్పుకోను. రాజీ ఏంటంటే, అక్షరాల వరస అలాగే ఉంచి, అన్నిటికన్నా ముందు ఒక 'మాటల వరస' పెట్టండి. నీళ్ళు, పక్కకి తిప్పు, నొప్పి, చాలు, ఇంకోటి చెప్పాలి. ఈ చివరిది తప్పకుండా ఉండాలి.

కుర్రాళ్ళైతే మీ వరసే నేర్పిద్దాం :)

బెజవాడమ్మాయి (ఆదివారం, రాత్రి 8:55)

అందరికీ చాలా థాంక్స్. కనుబొమ్మ పెట్టి చూశాం, పని చేస్తోంది! లైటు సరిగా పడకపోతే మాత్రం గుర్తుపట్టడం లేదు, ట్యూబ్‌లైట్ వైపు తిప్పి కూర్చోబెట్టాం.

మేడమ్ గారూ, 'ఇంకోటి చెప్పాలి' అన్న బటన్ గురించి చెప్తే నాన్న నవ్వారు. అసలు సంగతి అదే. నీళ్ళు, నొప్పి మేమెలాగూ ముఖం చూసి పట్టేస్తాం. ఆయనకి రాయాలని ఉన్నవి వేరే. ఇవాళ పొద్దుటి నుంచి కష్టపడి రాసింది ఏంటంటే, పెన్షన్ ఎరియర్స్ అప్లికేషన్‌లో తమ్ముడు తేదీ తప్పు వేశాడని. నిన్న రాసింది, పక్కింటి పిల్లాడి పద్యంలో యతి తప్పిందని! వీటికి రెడీమేడ్ బటన్లు ఎక్కడ దొరుకుతాయి?

ఇంకోటి. ఆయన చేతులు బాగున్నప్పుడు ఫ్యామిలీ గ్రూపులో వాట్సాప్ మెసేజ్‌లు పొడుగ్గా రాసేవారు, ఏళ్ళ తరబడి. అవి ఏమైనా పనికొస్తాయా?

ఫ్రీమాంట్‌బాబాయ్ (ఆదివారం, రాత్రి 11:48)

అమ్మా, ఆ మెసేజ్‌లు బంగారం. స్టీఫెన్ హాకింగ్‌కి చేసింది అదే కదా. 1985లో ట్రాకియాస్టమీతో, అంటే ఊపిరి కోసం గొంతుకి రంధ్రం చేసే ఆపరేషన్‌తో, ఆయన మాట పోయింది. మొదట్లో ఎవరైనా అక్షరాల కార్డు చూపిస్తుంటే కనుబొమ్మ ఎత్తి ఎంచుకునేవాడు. తర్వాత వాల్టర్ వోల్టోజ్ ఇచ్చిన ప్రోగ్రాంతో చేత్తో నొక్కాడు, చెయ్యి పోయాక బుగ్గ కండరంతో. ఇంటెల్ వాళ్ళు కొత్త సిస్టమ్ కట్టినప్పుడు ప్రెడిక్షన్‌కి స్విఫ్ట్‌కీ అనే కీబోర్డు కంపెనీ వాళ్ళని పిలిచి, హాకింగ్ సొంత రాతలు వేసి నేర్పించారు. 'ది' అనగానే 'బ్లాక్', అది ఎంచుకోగానే 'హోల్' వచ్చేవి. మామూలు మనిషి ఫోన్‌లో అలా వస్తాయా? 2015లో ఇంటెల్ ఆ సాఫ్ట్‌వేర్‌ని, ఏక్యాట్ అంటారు, ఓపెన్ సోర్స్ చేసింది, అంటే ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు.

మనందరి చేతుల్లో ఉన్న టెక్నిక్కులు కూడా అటు నుంచే వచ్చాయి. పాత నోకియాల్లో అంకెల బటన్లు నొక్కితే మాటను ఊహించే టీ9 గుర్తుందా? అది చేసిన టెజిక్ వాళ్ళు మొదట అనుకున్నది వికలాంగుల కోసమే. అందులో ఉన్న క్లిఫ్ కుష్లర్ తర్వాత స్వైప్ కీబోర్డు తెచ్చాడు. వేలు ఎత్తకుండా రాసేటప్పుడు ఇది ఎవరికి గుర్తొస్తుంది!

డాషర్ అనే టైపింగ్ ప్రోగ్రాం కూడా చూడండి. కేంబ్రిడ్జ్‌లో డేవిడ్ మెకే, డేవిడ్ వార్డ్ చేశారు, 2002లో నేచర్ పత్రికలో వచ్చింది. అక్షరాలు కుడివైపు నుంచి మన మీదకి వస్తుంటాయి, ఎక్కువగా వచ్చే అవకాశమున్నది పెద్ద డబ్బాలో ఉంటుంది, చూపుతో అటు తిప్పుకుంటూ పోవడమే. వేరే లిస్టు లేదు కాబట్టి మేడమ్ చెప్పిన 'చదివే టైం' గొడవ అక్కడ తక్కువ. అక్షరమాల ఫైలు, కొంత శిక్షణ పాఠం ఇస్తే ఏ భాషకైనా మలచుకోవచ్చు. తెలుగులో మాత్రం గుణింతం, వత్తులు ఏ క్రమంలో రావాలో ఎవరో కూర్చుని తేల్చాలి. కంటి ట్రాకర్ ఉంటేనే మజా, ఒక్క స్విచ్‌కి అంత సుఖం కాదు.

ఓరుగల్లు (సోమవారం, ఉదయం 8:30)

బాబాయ్, ఇప్పుడు ఏఐ ఉంది కద. సార్ 'ఎరియర్స్ తేదీ తప్పు' అని కొడితే, మిగిలిన వాక్యం అదే నింపదా?

తోకచుక్క (సోమవారం, ఉదయం 10:11)

నింపుతుంది. గూగుల్ వాళ్ళది స్పీక్‌ఫాస్టర్ అని ఉంది, 2024లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో వచ్చింది. ఇంగ్లీషులో మాటల మొదటి అక్షరాలు మాత్రం కొడితే, సంభాషణ చూసి వాక్యం మొత్తం ఊహిస్తుంది. ఏఎల్‌ఎస్ (మోటార్ న్యూరాన్ జబ్బుల్లో ఒకటి) ఉండి కళ్ళతో టైప్ చేసే ఇద్దరి మీద చూస్తే 29 నుంచి 60 శాతం స్పీడు పెరిగింది. ఇద్దరే, అది గుర్తుంచుకోండి.

తెలుగులో ఇది ఇంకా బాగా కుదురుతుందని నా అనుమానం. మన మొదటి అక్షరంలో హల్లుతో పాటు గుణింతం కూడా ఉంటుంది. 'త' వేరు, 'తే' వేరు. 'త. తే. త. వే.' అంటే 'తమ్ముడు తేదీ తప్పు వేశాడు' అని పట్టడం ఇంగ్లీషు కన్నా సులువు. పైగా వాక్యంలో మాటలు తక్కువ.

స్పీచ్‌మేడం (సోమవారం, మధ్యాహ్నం 1:25)

ఇక్కడ నాకు భయం. ఏఐ నింపిన వాక్యం మర్యాదగా ఉంటుంది. 'తమ్ముడు తేదీని పొరపాటుగా నమోదు చేసినట్లున్నాడు, దయచేసి సరిచూడగలరు' అంటుంది. మాస్టారు అనాలనుకున్నది బహుశా 'వెధవ, తేదీ కూడా రాయడం రాదు' అయ్యుంటుంది. అలసిపోయిన మనిషి దగ్గరలో ఉన్నదాన్ని ఎంచుకుని సర్దుకుంటారు, ఎదుటివాళ్ళు అది ఆయన మాటే అనుకుంటారు. నువ్వు, మీరు దగ్గరే ఎంత తేడా! కొడుకుని 'మీరు' అని పిలిపిస్తే ఇంట్లో ఏమనుకుంటారు?

వాడొద్దని నేను అనడం లేదు. రెండు షరతులు. ఎంచుకున్నాక కూడా గట్టిగా చదివే ముందు ఆయన 'సరే' అనాలి. 'ఇవేవీ కాదు' అన్న గడి మొదటే ఉండాలి, చివర కాదు.

బెజవాడమ్మాయి (సోమవారం, రాత్రి 9:30)

'వెధవ' అన్న మాట మేడమ్ ఎలా కనిపెట్టారో! అక్షరాలా అదే రాశారు.

అయితే నాకు అర్థమైంది ఇది: ముందు ఆయన పాత మెసేజ్‌లతో ఆయన మాటలు, తోకలు వచ్చేలా ఒక చిన్న బోర్డు. ఏఐ తర్వాత చూద్దాం. బ్యాంకు ఓటీపీలు, డాక్టర్ కాగితాలు కూడా ఆ చాట్‌లో ఉన్నాయి, అవి ఎక్కడికీ పోకూడదు.

తోకచుక్క (సోమవారం, రాత్రి 10:02)

ఎక్కడికీ పంపొద్దు అక్కా, ల్యాప్‌టాప్‌లోనే అయిపోతుంది. వాట్సాప్‌లో ఆ గ్రూపు తెరిచి ఎక్స్‌పోర్ట్ చాట్, మీడియా లేకుండా. టెక్స్ట్ ఫైలు వస్తుంది. నాన్నగారి పేరుతో ఉన్న లైన్లు మాత్రం ఉంచి, ఆరు అంకెల నంబర్లన్నీ చెరిపేయాలి. వెళ్ళి, వెళ్లి లాంటివి లెక్కలో ఒకటిగా కలుపుదాం, తెర మీద మాత్రం ఆయన ఎలా రాస్తారో అలాగే చూపిద్దాం. తోకలు మొదట ఓ పది చాలు: ను, వు, డు, రు, ఆలి, వద్దు, అండి, ఆ?, కదా, ట.

ఈలోగా జీబోర్డు వ్యక్తిగత నిఘంటువులో ఆయన తరచూ వాడే పొడుగు వాక్యాలకి ఒక్క అక్షరం షార్ట్‌కట్లు పెట్టండి. 'ప' కొడితే పెన్షన్ ఆఫీసు వాక్యం సజెషన్‌లోకి వస్తుంది. ఇది ఇవాళే చేసుకోవచ్చు.

పాతడీటీపీ (సోమవారం, రాత్రి 10:40)

స్పెల్లింగ్ జంటల లిస్టు నేను రాసి పెడతాను. ప్రూఫులు దిద్దిన అలవాటు, రెండు రోజుల్లో ఇస్తా. 'ట' కూడా పెట్టావు తమ్ముడూ, సంతోషం. వచ్చాడట, తిన్నాడట లేకుండా తెలుగు ఇంట్లో కబుర్లు ఎలా చెప్పుకుంటారు!

ఓరుగల్లు (సోమవారం, రాత్రి 11:05)

ఫైలు శుభ్రం చేసే చిన్న పైథాన్ ప్రోగ్రాం నేను రాస్త అక్కా, మీ ల్యాప్‌టాప్‌లనే నడుపుకోండి, ఫైలు నాకు పంపకండి. ఒకటి చెప్పండి, ఇంగ్లీషు అక్షరాలల్ల రాసిన తెలుగు కూడా ఉంటదా అందుల? ఉంటే అది వేరే తీరుగ చూడాలె.

బెజవాడమ్మాయి (మంగళవారం, ఉదయం 6:50)

నాన్నవి అన్నీ తెలుగులోనే తమ్ముడూ. ఆ రోమన్ లైన్లన్నీ మా తమ్ముడివి, నిరభ్యంతరంగా తీసేయొచ్చు.